మీవి కాని గీతలు

ముందు వీడియో తీసుకోమన్నాడు.
శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి వెనక సందులో
పొద్దున్న ఆరున్నరకి
తెల్ల కారుకి దిష్టి తీస్తున్నట్టు
ఫోను పట్టుకుని చుట్టూ తిరిగేం.
గవరయ్య గారు ఒక్కో గీత మీదా వేలు పెట్టి
"ఇది మీది కాదండి, ఇదీ మీది కాదు,
ఈ సొట్ట పలాస వోళ్ళది, జీడిపిక్కల బస్తా తగిలించీసేరు.
ఇది మాత్రం నాదే. మా గేటు."
అంటే ఇకమీదట ఏది పడినా మాదన్నమాట.

రోజుకి పద్దెనిమిది వందలు.
మూడొందల కిలోమీటర్లు దాటితే ఆపైన కిలోమీటరుకి ఎనిమిది.
పెట్రోలు ఎన్ని గీతలతో ఇస్తే అన్ని గీతలు.
హామీకి మా స్కూటీ, దాని ఆర్సీ, నీలాచలం ఆధార్ కార్డు.
సంతకానికి ఇచ్చిన కాగితం
జిరాక్సుకి జిరాక్సు, దానికింకో జిరాక్సు.
నాకు తెలుస్తుంది కదా, పన్నెండేళ్ళుగా నా షాపులో అదే పని.
నాలుగో షరతు దగ్గర అక్షరాలు చెదలు తిన్నట్టున్నాయి.
చదివినట్టే తలూపేను.

వాళ్ళావిడ దమయంతి గుమ్మంలో నిలబడి
కారు వంక చూళ్ళేదు.
స్కూటీ వంక చూసింది.
నాకప్పుడు పట్టలేదు.

నీలాచలం లైసెన్సు వయసు ఆరేళ్ళు,
స్టీరింగు పట్టిన వయసు ఆరు రోజులు.
గార దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.
గేదె అడ్డొస్తే ఆగేం, మేక అడ్డొస్తే ఆగేం,
ఏదీ అడ్డు రాకపోయినా ఒకసారి ఆగేం.

కళింగపట్నంలో లైట్‌హౌస్ పక్కన కారు పెట్టి
సముద్రం వైపు పది అడుగులేసి
వెనక్కి తిరిగి కారు చూసుకున్నాం.
ఇంకో పది. మళ్ళీ చూసుకున్నాం.
ఎవడో కుర్రాడు బానెట్‌కి ఆనుకుని పుల్ల ఐసు చీకుతున్నాడు.
"బాబూ, అది మాది కాదమ్మా," అన్నాను.
"నాదీ కాదు," అన్నాడు.

రెండో రోజు బారువలో
నీలాచలం కొబ్బరితోట నీడలో నిద్రపోతుంటే
తాళాలు నా ఒళ్ళో ఉన్నాయి.
షాపు వెనక గ్రౌండులో మా తమ్ముడి కారు
మూడుసార్లు తిప్పిన అనుభవం నాది. లైసెన్సు లేదు.
నాలుగో షరతు బహుశా నా గురించే.
సెకండ్ గేరులో, చెప్పులు విప్పి,
ఎడంపక్క తోటలు, కుడిపక్క కెరటాలు,
ఎదురుగా ఎవరూ లేని దారి.
హారన్ కొట్టేను, ఊరికే.
ఇంకోసారి కొట్టేను.
తిరిగి వస్తూంటే మొగలిపొద ఒకటి
ఎడం తలుపు మీద జానెడు గీసింది.

తెల్ల కారు, తెల్ల టూత్‌పేస్టు.
సోంపేట దాటేక ఆగి రుద్దేం, టెక్కలిలో ఆగి రుద్దేం.
డిపాజిట్టు ఎంత కోస్తాడో అని
నీలాచలం దారంతా వేళ్ళ మీద లెక్క పెట్టేడు.
గీత ఎవరిదో మాత్రం అడగలేదు.

రాత్రి తొమ్మిదికి గవరయ్య గారు లేరు.
రణస్థలంలో ఏదో కారు ఆగిపోయిందట.
దమయంతి టార్చి తెచ్చింది.
బంపరు, కుడి తలుపు, డిక్కీ.
ఎడం తలుపు దగ్గర వెలుగు ఆగింది.
నేను అటు చూళ్ళేక స్కూటీ వైపు చూసేను.
అద్దం మూల పగిలుంది.
బ్రేకు కొంచెం లోపలికి వంగింది.
ఆవిడ మోచేతికి పసుపు పట్టీ.

ఏడు కార్లు అద్దెకి తిప్పే ఇల్లు అది.
ఏ కారూ ఖాళీగా ఆవిడ కోసం ఆగి ఉండదు.

"ఈ గీత మీది కాదులెండి," అంది, "పాతదే."
"మా అద్దమూ అంతేనండి," అన్నాను,
"కొన్నప్పట్నుంచీ పగిలే ఉంది."
నీలాచలం నోరు తెరవబోతే కాలు తొక్కేను.

డిపాజిట్టు పూర్తిగా వచ్చింది.
స్కూటీ తీస్తుంటే పెట్రోలు ముల్లు
మేమిచ్చినప్పటికన్నా పైనుంది.
ఇంటికొచ్చి లైటు వేసి చూస్తే
కాళ్ళు పెట్టుకునే చోట గుప్పెడు ఇసక,
అందులో చిన్న గవ్వ.

స్కూటీ మీద మేమెప్పుడూ
సముద్రం దాకా వెళ్ళలేదు.